పల్లవిలో పేరు

మన సంఘం కార్యదర్శిగారు మొన్న ఆదివారం పొద్దున్నే మా యింటికి దయచేశారు. కాఫీ అయింది. వారి రెండో అబ్బాయి సంబంధం మాట అయింది. సంఘం హాలు పైకప్పు మూడేళ్ళుగా కురుస్తున్న సంగతి కూడా అయింది. అప్పుడు మెల్లిగా అసలు విషయం బయటపెట్టారు. కొత్తగా గెలిచిన ప్రజాప్రతినిధి ఒకరికి సంఘం తరపున సన్మానం చెయ్యాలని కమిటీ తీర్మానించిందట. హైస్కూలు మైదానంలో వేదిక, పాటకచ్చేరి, సినిమాలలో పాడేవారు ఇద్దరు, మిమిక్రీ చేసేవారు ఒకరు. అన్నింటికంటె ముందు స్వాగతగీతం. అది నేను వ్రాయాలి.

“పల్లవిలో ఆయన పేరు రావాలి, అయ్యవారూ. చరణానికొకసారి వచ్చినా మాకు అభ్యంతరం లేదు” అన్నారు.

“ఆయన మనకు చేసిందేమిటో చెప్పండి. దాన్నిబట్టి వ్రాస్తాను” అన్నాను.

“గెలిచి నెల కాలేదు కదా, ఇంకా యేమి చేస్తారు? చెయ్యాలనే కదా యీ పాట!”

కార్యదర్శిగారు కల్లాకపటం యెరుగని మనిషి. పైకప్పు కురుస్తున్న మాటా నిజమే. అందుచేత నాకు నవ్వూ వచ్చింది, కాదనడానికి నోరూ రాలేదు. ఆలోచించి చెపుతానని పంపించాను. ఆయన గేటు దాటగానే నా మనస్సు అమెరికాలోని వాషింగ్టన్ పట్టణానికి పోయింది. గెలిచిన నాయకుడి కోసం ఆరుబయట, పేరుమోసిన కళాకారులందరితో జరిగిన కచ్చేరి నా జన్మలో కళ్ళారా చూచింది అదొక్కటే. ముందు ఆ కథ మీకు చెప్పుకుని, పాట సంగతి తరువాత చూస్తాను.

అది 2009 జనవరి. మా అమ్మాయి, అల్లుడు అప్పటికి వర్జీనియాలో కాపురం వున్నారు. అమ్మాయి రెండో పురిటికని నేనూ మా ఆవిడా వెళ్ళాము. చలికాలం. వీధిలో మనిషి కనపడడు. కిటికీ దగ్గర కూర్చుని ఆకులు రాలిన చెట్లను లెక్కపెట్టుకోవడమే నా వుద్యోగం. ఆ యింట్లో ఫ్రిజ్జు తలుపుకు ఒక కాగితాల బొత్తి తగిలించి వుండేది. అమెరికా పౌరసత్వానికి పెట్టుకొనే దరఖాస్తు అది. అల్లుడు తన దరఖాస్తు ముందే పంపించాడు. అమ్మాయిది మాత్రం నింపకుండా అక్కడే వ్రేలాడుతున్నది.

కారణం నేనే. మన దేశం రెండు పౌరసత్వాలు వొప్పుకోదు. అక్కడ ప్రమాణం చేసినవారు ఇక్కడి పాస్‌పోర్టు వదులుకోవాలి. దానికి బదులు 2006 ప్రాంతం నుంచి ఒక కార్డు ఇస్తున్నారు గాని దానితో వోటు రాదు, పొలం కొనడానికి వీలులేదు. మా అమ్మాయికి హోసూరు పక్కన ఒక చెక్క పొలం కొనే హక్కు లేకుండా పోవడమేమిటని నా బాధ. “నీకు మనసొప్పకుంటే పంపను నాయనా” అన్నదేగాని ఆ పిల్ల నాతో వాదించలేదు. వాదించి వుంటే సుఖంగా వుండేది. పాలు తీసుకుందామని ఫ్రిజ్జు తెరిచినప్పుడల్లా ఆ కాగితాలు చేతికి తగిలేవి.

పైగా కాలం బాగాలేదు. బ్యాంకులు కూలిపోయి నాలుగు నెలలయింది. అల్లుడి ఆఫీసులో యెవరి పేరు యే జాబితాలోకి యెక్కుతుందోనని వారం వారం గుబులు. దానికి తోడు జనవరి 7వ తేదీన హైదరాబాదు సత్యం కంపెనీ లెక్కల బండారం బయటపడింది. ఆ రోజులలో అక్కడి తెలుగువారి ఇళ్ళలో ఫోను మోగితే ఆ మాటే. అటువంటి దినాలలో బరాక్ ఒబామా అధ్యక్షుడుగా ప్రమాణం చెయ్యబోతున్నాడు. నల్లజాతి మనిషి ఆ గద్దె యెక్కడం అదే మొదలు. ప్రమాణం 20వ తేదీ మంగళవారం; దానికి రెండురోజులు ముందు, 18వ తేదీ ఆదివారం మధ్యాహ్నం, లింకన్ స్మారకమందిరం మెట్లమీద కచ్చేరి. టిక్కెట్టు లేదు, యెవరైనా రావచ్చు.

“చలిలో చచ్చిపోతారు” అన్నది మా ఆవిడ. నెల నిండని పసిబిడ్డతో అమ్మాయి కదలలేదు. నేనూ, అల్లుడూ, యేడేళ్ళ మనుమరాలూ బయలుదేరాము. రెండు స్వెట్టర్లు, వాటిమీద అల్లుడి కోటు, తలకు ఇక్కడినుంచి తీసుకుపోయిన మంకీ టోపీ. రైలులో నన్ను చూచి ఒక చిన్నపిల్లవాడు తల్లి చాటుకు పోయాడు. ఫాగీ బాటమ్ అనే స్టేషనులో దిగి జనంతోపాటు నడిచాము. తిరునాళ్ళకు పోయే జనమే అనుకోండి. కాకపోతే దుమ్ము లేదు, అరటిపళ్ళ బండ్లు లేవు.

లింకన్ మందిరం మన గుడిలాగానే వుంటుంది. పెద్ద పెద్ద స్తంభాలు, లోపల కుర్చీలో కూర్చున్న పంతొమ్మిది అడుగుల పాలరాతి లింకన్. ముందు మెట్లు, మెట్లకు ఎదురుగా పొడుగాటి నీళ్ళ కొలను, కొలనుకు అవతల దూరంగా 555 అడుగుల వాషింగ్టన్ స్తంభం. ఆ నడిమి జాగా అంతా మనుషులే. నాలుగు లక్షలన్నారు. మేము కొలను పక్కన యెక్కడో నిలబడ్డాము. అక్కడికి మెట్లమీది మనిషి అంగుష్ఠమాత్రుడు. అక్కడక్కడ నిలబెట్టిన పెద్ద తెరలమీద చూడవలసిందే. అంత దూరం పోయి తెరమీద చూడడమేమిటని మీరు అడగవచ్చు. అల్లుడూ అదే అన్నాడు. కాని పక్కవాడి వూపిరి పొగలాగా వచ్చి మన మొహానికి తగులుతుంటే పాట వినడం వేరు.

మా పక్కన ఒక నల్లజాతి ముసలామె నిలబడి వున్నది. నా యీడే వుంటుంది. మనుమరాలి చేతులు వణకడం చూచి, సంచిలోంచి చేతులు వెచ్చబెట్టుకొనే చిన్న పొట్లాలు రెండు తీసి ఇచ్చింది. తరువాత నావైపు తిరిగి మీరెక్కడివారని అడిగింది. యీ ప్రశ్న మనవాళ్ళను యెవరైనా అడిగితే యేమవుతుందో మీకు తెలుసును. ఇండియా అన్నాను. సరిపోలేదనిపించింది. తమిళనాడు అన్నాను, కాని మాది తెలుగు అన్నాను; మా వూరు కర్ణాటక సరిహద్దుమీద వుంటుంది, 1953లో ఆంధ్రదేశం వేరుపడినప్పుడు మేము మద్రాసు వైపు మిగిలిపోయినవాళ్ళము, మా పెద్దలు వచ్చి కొన్ని వందల యేళ్ళయింది అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాను. ఆమె వోపికగా అంతా విన్నది. చివరికి అల్లుడు నా భుజం తట్టి, “మామా, పొద్దున యే పేట నుంచి రైలెక్కారని అడుగుతున్నారు ఆమె” అన్నాడు.

ఆమె నవ్వింది గాని వెక్కిరింపుగా కాదు. తనది జార్జియా రాష్ట్రమనీ, రాత్రంతా బస్సులో వచ్చాననీ చెప్పింది.

కచ్చేరి మధ్యాహ్నం రెండున్నరకు మొదలయింది. ముందు ఒక బిషప్పు ప్రార్థన చేశాడు. మైకులు సరిగా లేవో యేమో మా దాకా మాటలు చేరలేదు. తరువాత బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ యెర్రటి అంగరకాలు తొడిగిన బృందంతో పాడాడు. అక్కడినుంచి రెండు గంటలపాటు వొకరి వెనుక ఒకరు. అంధగాయకుడు స్టీవీ వండర్, కొలంబియా దేశపు షకీరా, ఐర్లండునుంచి వచ్చిన యూటూ బృందం, మేరీ జె. బ్లైజ్, జేమ్స్ టేలర్, పియానో దగ్గర హెర్బీ హాంకాక్. గార్త్ బ్రూక్స్ అనే ఆయన పాడుతుంటే మా చుట్టుపక్కలవారందరూ గెంతడం మొదలుపెట్టారు; చలికి అదే మందు అని నేనూ కాస్త గెంతాను. నటులు వచ్చి పాటకూ పాటకూ నడుమ నాలుగు మాటలు చెప్పి పోయేవారు. వారిలో మన గుజరాతీ బిడ్డ కల్ పెన్ కనపడగానే మా వెనుక యెక్కడో నలుగురు మనవాళ్ళు ఈల వేశారు. నిజం చెప్పాలంటే సగం పాటలు నా చెవికి రణగొణధ్వనిగానే వున్నవి. పాత చెవి, దాని తప్పు కాదు.

నేను కనిపెట్టి చూచింది వేరొకటి. గెలిచిన మనిషి భార్యాబిడ్డలతో అక్కడే కూర్చుని వున్నాడు. రెండు గంటల కచ్చేరిలో ఆయన మీద కట్టిన పాట ఒక్కటి నాకు వినపడలేదు. అందరూ పాడింది పాత పాటలే. దేశం మీద, కష్టంలో చెయ్యి పట్టుకోవడం మీద, మార్టిన్ లూథర్ కింగ్ మీద.

పల్లవిలో రాజు పేరు పెట్టడం మనకు కొత్తకాదు సుమండీ. తంజావూరిలో విజయరాఘవ నాయకుడు తన తండ్రి రఘునాథ నాయకుణ్ణే కథానాయకుడుగా పెట్టి యక్షగానం వ్రాశాడు. ఆ కావేరి వొడ్డునే, అంతే తియ్యని తెలుగులో పాడిన త్యాగయ్యగారు రాజుగారి పిలుపు వచ్చినా కొలువుకు పోలేదని చెప్పుకుంటాము. రెండూ మన తమిళదేశపు తెలుగువారి ఆస్తే. పండుగకు యేది బయటికి తీస్తామన్నది మన ఇష్టం.

ఆ మెట్ల సంగతి కొంచెం చెప్పాలి. 1922లో ఆ మందిరం తెరిచిననాడు, బానిసలకు విడుదల ప్రకటించినవాడి గుడి అది గదా, అక్కడే నల్లవారిని వేరే కంచెలో కూర్చోబెట్టారు. ఇక 1939. మేరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి గాయని ఐరోపా అంతా మెప్పించి వచ్చింది. వాషింగ్టన్‌లో పెద్ద హాలు ఒకటి వున్నది. స్వాతంత్ర్య యుద్ధం చేసినవారి ఆడపడుచుల సంఘంవారిది. తెల్లవారు తప్ప అక్కడ పాడగూడదని వారి నిబంధన. ఇవ్వమన్నారు. అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా ఇచ్చింది. అప్పుడు హెరాల్డ్ ఇక్స్ అనే మంత్రి పూనుకుని యీ మెట్లమీద ఆరుబయట కచ్చేరి పెట్టించాడు. ఏప్రిల్ 9, ఈస్టరు పండుగనాడు డెబ్బయి అయిదువేలమంది వచ్చారు. ఆమె మొదట పాడింది దేశభక్తి పాట. హాలు తలుపు మూసిన దేశం మీదనే పాడింది. 1963లో రెండున్నర లక్షలమంది యెదుట కింగ్ తన కల చెప్పుకున్నదీ యీ మెట్లమీదనే. ఆ మేరియన్ కథను ఆనాడు తెరమీద చూపించి, ఆమె మొదట పాడిన ఆ పాటనే హెదర్ హెడ్లీ, జోష్ గ్రోబన్ అనేవారు పాడారు. మా పక్కనున్న జార్జియా ఆమె పాడలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డది, అంత చలిలో.

టామ్ హాంక్స్ అనే నటుడు వచ్చి, వెనుక వాద్యబృందం వాయిస్తుండగా, లింకన్ మాటలు చదివాడు. ఆరన్ కోప్లాండ్ 1942లో కూర్చిన సంగీతం అది. దానికీ ఒక చరిత్ర వున్నది. 1953లో ఐసన్‌హోవర్ ప్రమాణస్వీకారపు కచ్చేరికి యిదే సంగీతం అనుకున్నారు. కోప్లాండ్ ఎర్రవాళ్ళతో తిరిగినవాడని కాంగ్రెసు సభ్యుడొకడు అడ్డు చెప్పాడు. కార్యక్రమంలోంచి తీసేశారు. లింకన్ సొంత మాటలకే ఆ గతి పట్టింది చూడండి!

ఒబామా చివరలో లేచి కొద్దిసేపు మాట్లాడాడు. యుద్ధాలున్నవి, కొలువులు పోతున్నవి, యీ కష్టాలు నెలకో సంవత్సరానికో తీరేవి కావని చెప్పాడు. పండుగపూట అటువంటి మాట చెప్పడం నాకు నచ్చింది. ఆ తరువాత 2017 దాకా ఆయన చేసిందేమిటి, చెయ్యనిదేమిటన్న లెక్క వేరు. దానికి యీ పేజీ చాలదు.

ఆయన కూర్చున్నాక స్ప్రింగ్‌స్టీన్ ఒక ముసలాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. తలకు అల్లిక టోపీ, చేతిలో బాంజో. ఎనభై తొమ్మిదేళ్ళ పీట్ సీగర్. మన బడిపిల్లలందరూ ‘హమ్ హోంగే కామ్యాబ్’ పాడతారు గదా, దాని ఇంగ్లీషు మాతృకను దేశమంతా తిప్పినవారిలో యీయన ముఖ్యుడు. 1955లో కాంగ్రెసు కమిటీవారు పిలిచి నీ రాజకీయాలేమిటి, నీ స్నేహితులెవరని అడిగితే, అది మీరు అడగవలసిన ప్రశ్న కాదని జవాబు చెప్పనన్నాడు. 1961లో యేడాది జైలుశిక్ష వేశారు. మరుసటి సంవత్సరం పైకోర్టు కొట్టివేసింది. 1967 దాకా పెద్ద టెలివిజను కంపెనీలు ఆయన మొహం చూపించలేదు. ఆ మనిషి కొత్త అధ్యక్షుడి పక్కన నిలబడి జనం చేత పాడిస్తున్నాడు. తాను ముందుగా చరణం అందించడం, నాలుగు లక్షలమంది దాన్ని అందుకోవడం. మన భజనగోష్ఠిలో చేసినట్టే.

ఆ పాట ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’. వుడీ గత్రీ 1940లో కట్టాడు. అక్కడి బడులలో పిల్లలందరికీ నేర్పుతారు. అల్లుడి భుజాలమీద కూర్చున్న మా మనుమరాలికి ప్రాణం లేచివచ్చి గొంతెత్తి పాడసాగింది. రెండు మూడు చరణాలయినాక హఠాత్తుగా ఆగిపోయింది.

“తాతా, యిది మా టీచరు చెప్పలేదు” అన్నది.

చెప్పరు. ఒక చరణంలో ఇది సొంత ఆస్తి అని బోర్డు పెట్టి దారి మూసిన చోటు వస్తుంది. ఇంకొక దానిలో గుడి నీడలో, సర్కారు సహాయం కోసం ఆకలితో వరుసకట్టిన జనం వస్తారు. పాఠ్యపుస్తకాలలో సాధారణంగా వాటిని వదిలేస్తారు. సీగర్ వాటిని వదలలేదు. కొత్త అధ్యక్షుడు వింటుండగా, ఆ దేశంలో కొలువులు పోయి జనం నిజంగా వరుసకడుతున్న ఆ జనవరిలో, ఒక్కొక్క ముక్కా గట్టిగా అందించి పాడించాడు. అల్లుడు కూడా పాడాడు. తన ఆఫీసు జాబితా సంగతి ఆ క్షణాన గుర్తుకు వచ్చిందో లేదో నేను అడగలేదు.

నాకు మాత్రం గొంతు పట్టుకుంది. మన పిల్లలకు 2006 చట్టం తరువాత 1వ తరగతితో మొదలుపెట్టి యేటికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవలసిందే, నేనూ నేర్చుకున్నవాణ్ణే. కాని తెలుగు బడి కోసం అర్జీ పట్టుకుని పోయినప్పుడల్లా “మీ వూరేది?” అన్నవారు వున్నారు. మా ముత్తాత తవ్వించిన బావి చూపించి యిదే మా వూరు అని యెన్నిసార్లు చెప్పామో. యీ నేల నాదని చెప్పుకోవడం పరాయి దేశంలో ఒక ముసలివాడు అంత తేలికగా పాడిస్తుంటే, ఇక నేనూ పెదవి కదిపాను. చివరికి బియాన్సే వచ్చి ముగింపు పాట పాడింది. బాగా పాడింది గాని నా చెవిలో బాంజోయే మోగుతున్నది.

సాయంకాలం యేడింటికి హెచ్.బి.ఓ. వారు ఆ కచ్చేరినే టెలివిజనులో వేశారు, చందా లేనివారికి కూడా. వేడి రసం గ్లాసులతో అందరమూ కూర్చున్నాము. అమ్మాయికి అన్నీ చూపించాలని నాకు ఆత్రం. “మొదట ఒక బిషప్పు వస్తాడు చూడు” అన్నాను. రాలేదు. నేరుగా పాటలలోకి పోయారు. ఆయన జీన్ రాబిన్సన్ అనీ, తాను స్వలింగ ప్రేమికుడనని దాచకుండా చెప్పుకున్న బిషప్పు అనీ, ఆ మాటమీద ఆయన చర్చిలోనే పెద్ద గొడవ జరిగిందనీ అల్లుడు చెప్పాడు. వుత్సవ సంఘంవారు పొరపాటు జరిగిందని తరువాత విచారం చెప్పుకున్నారు. పొరపాటే కావచ్చు. కాని డెబ్బయి యేళ్ళ క్రితపు మేరియన్ కథ వివరంగా చూపించినరోజే యింకొకరి మాట పడిపోయింది. సీగర్ చరణాలు మాత్రం వున్నవి. అవి వచ్చినప్పుడు మనుమరాలు తల్లి వొడిలోంచి లేచి, “యిదే అమ్మా, చెప్పని పాట” అన్నది.

అందరూ పడుకున్నాక ఫ్రిజ్జు మీది కాగితాలు తీసి వంటింటి బల్లమీద పెట్టుకుని చదివాను. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం, చిరునామాలు, ప్రయాణాలు, పిల్లలు. నేను చూచినంతలో యింట్లో యే భాష మాట్లాడతారని అడిగిన గడి లేదు. అమ్మాయి బిడ్డకు పాలు పట్టడానికి లేచి వచ్చి నన్ను చూచి ఆగిపోయింది.

“యేం నాయనా, ఇంకా పండుకోలేదా?”

“అన్నీ అడిగినారు గాని, యింట్లో యేం మాట్లాడతారని అడగలేదే” అన్నాను.

“అది వాళ్ళు అడగరు నాయనా.”

“అయితే నింపుకో” అన్నాను.

మా ఆవిడ నాతో మూడురోజులు మాట్లాడలేదు. అమ్మాయి ఆ యేడాదే ప్రమాణం చేసింది. పొలం సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది; అది వేరే మాట. మనుమరాలు ఇప్పుడు వుద్యోగం చేస్తున్నది, ఆదివారం ఆదివారం ఫోను చేసి “తాతా, బాగుండావా?” అని మన హోసూరు యాసలోనే పలకరిస్తుంది.

ఇక కార్యదర్శిగారి పాట. నిన్న కబురు పంపించాను: స్వాగతగీతం తప్పక వ్రాస్తాను, పల్లవిలో మన వూరి పేరు వుంటుంది, ఆయన పేరు వుండదు, మూడో చరణంలో హాలు పైకప్పు వస్తుంది, సన్మానం నాడు ఆ చరణం వదలకుండా పాడించాలి. కార్యదర్శిగారు కమిటీని పిలుస్తానన్నారు.